ఇంజను ఆడుతున్నది, కారు కదలదేం?

కారు కదలకపోతే మనం సాధారణంగా ఏమంటాం? "ఇంజను చెడిపోయింది" అంటాం. కాని ఒక్కొక్కప్పుడు ఇంజను నిక్షేపంగా ఆడుతూనే ఉంటుంది. లైట్లు వెలుగుతాయి, హారను మోగుతుంది, యాక్సిలరేటరు తొక్కితే ఇంజను హోరుమంటుంది. కారు మాత్రం గుంజకు కట్టిన ఎద్దులాగా ఉన్నచోటనే ఉంటుంది. పెట్రోలు ఉన్నది, బాటరీ ఉన్నది, చక్రాలలో గాలి ఉన్నది. మరి లేనిదేమిటి?

ఈ నెల ఆ సంగతి తెలుసుకొందాం. జవాబు ఎంత ముఖ్యమో, ఆ జవాబును కనుక్కొనే పద్ధతి అంతకంటే ముఖ్యం. ఆ పద్ధతి కారుకే కాదు, మన సూళ్లూరుపేటకు తూర్పున శ్రీహరికోటలో పైకి లేచే రాకెట్టుకు కూడా పనికివస్తుంది.

ముందు సైకిలు సంగతి చూడండి. మీరు తొక్కేది పెడలు, తిరగవలసినది వెనక చక్రం. రెంటికీ మధ్య గొలుసు ఉన్నది. గొలుసు ఊడిపోతే మీరెంత తొక్కినా ఏం లాభం? కాళ్లు తిరుగుతాయి, సైకిలు కదలదు. అప్పుడు "నా కాళ్లలో బలం లేదు" అని ఎవరూ అనుకోరు. క్రిందికి వంగి గొలుసును చూస్తారు. కారులో కూడా ఇంజనుకూ చక్రాలకూ మధ్య అటువంటి వంతెన ఒకటి ఉన్నది. అదే గేరు పెట్టె.

గేరును చేత్తో మార్చే కార్లలో, ఎడమకాలి క్రింద క్లచ్ అనే పెడలు ఉంటుంది. కాలు తీసేస్తే క్లచ్ ప్లేటు ఇంజను చక్రానికి గట్టిగా అదుముకొని దానితో పాటు తిరుగుతుంది. ఇది ఒకదానినొకటి నేరుగా పట్టుకొనే పద్ధతి. ఆటోమాటిక్ కార్లలో క్లచ్ పెడలే ఉండదు. గేర్లు వాటంతట అవే మారుతాయి. ఈ రకం కార్లలో చాలా వాటికి ఇంజను బలాన్ని చక్రాలకు అందించేది ఏమిటో తెలుసా? నూనె!

నూనె బలాన్ని ఎట్లా మోస్తుందని అనుమానం కదూ? పెద్దవాళ్లను దగ్గర ఉంచుకొని ఒక తమాషా చూడండి. రెండు టేబిలు ఫాన్లను ఎదురెదురుగా, బాగా దగ్గరగా పెట్టండి. ఒకదానికే కరెంటు ఇవ్వండి. రెండవదాని ప్లగ్గు తీసి బయట ఉంచండి. మొదటి ఫాను గాలి తగిలి కాసేపటికి రెండవ ఫాను కూడా మెల్లగా తిరగసాగుతుంది. రెక్కలను ముట్టుకోకండి సుమా! రెంటినీ కలిపే గొలుసు లేదు, ఇరుసు లేదు. గాలే ఒకదాని బలాన్ని రెండవదానికి మోసింది.

ఆటోమాటిక్ కారులో ఇటువంటి రెండు ఫాన్లు గుండ్రటి ఉక్కు డొల్లలో ఉంటాయి. గాలికి బదులు వాటిమధ్య నూనె ఉంటుంది. ఇంజను ఒక ఫానును తిప్పుతుంది, అది నూనెను విసరుతుంది, ఆ నూనె తాకిడికి రెండవ ఫాను తిరుగుతుంది. వాటి మధ్య ఇంకొక చిన్న రెక్కల చక్రం ఉండి నూనె దారిని సరిచేస్తుంది. దీనినంతటినీ కలిపి టార్క్ కన్వర్టరు అంటారు. హెర్మన్ ఫోటింగర్ అనే జర్మను ఇంజనీరు 1905లో దీనికి పేటెంటు పొందాడు. ఆయన దీనిని తలపెట్టింది కార్ల కోసం కాదు, ఓడల కోసం! కార్లలో నూనెతో పనిచేసే ఆటోమాటిక్ గేరు పెట్టెను పెద్ద ఎత్తున తయారుచేసి 1939లో అమ్మకానికి తెచ్చింది అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ. దాని పేరు హైడ్రామాటిక్.

ఈ నూనెకు ఇంకొక పని కూడా ఉన్నది. గేరు పెట్టెలో పలకలు పలకలుగా క్లచ్ ప్లేట్లు ఉంటాయి. ఏ గేరు కావాలో ఆ గేరు ప్లేట్లను ఒకదానికొకటి అదిమిపెట్టాలి. ఆ అదిమే చెయ్యి కూడా నూనెదే. ఇంజనుతో పాటు తిరిగే చిన్న పంపు ఒకటి అడుగు తొట్టిలోని నూనెను తోడి ఒత్తిడితో పంపుతుంది. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట ఒత్తితే ఆ ఒత్తిడి అన్ని మూలలకూ సమంగా అందుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ అనే ఫ్రెంచి పండితుడు చెప్పాడు. గేరు పెట్టె ఆ సూత్రం మీదనే నడుస్తున్నది. ఇవి గాక, పళ్లచక్రాలు అరగకుండా చూడటం, వేడిని మోసుకుపోయి చల్లార్చటం కూడా ఈ నూనె పనులే. సాధారణంగా ఒక కారు గేరు పెట్టెలో 5 నుంచి 10 లీటర్ల దాకా నూనె పడుతుంది.

మరి ఆ నూనె కారిపోతే? తొట్టిలో మట్టం తగ్గి, పంపు నూనెతో పాటు గాలిని కూడా పీలుస్తుంది. నూనె నురగ అవుతుంది. నురగకు ఒత్తే శక్తి ఎంత ఉంటుంది? దీనికి కూడా ఒక ప్రయోగం ఉన్నది. సూదులు లేని రెండు కొత్త ప్లాస్టిక్ సిరంజిలు తీసుకొని, సన్నని గొట్టంతో కలపండి. వాటిలో బుడగ లేకుండా నీళ్లు నింపండి. ఒక సిరంజి కాడను నొక్కితే రెండవదాని కాడ వెంటనే పైకి వస్తుంది. ఇప్పుడు సగం నీళ్లు తీసివేసి గాలి చొరనిచ్చి, రెండవదాని కాడను ఒక నేస్తం చేత గట్టిగా పట్టించి నొక్కండి. మీ కాడ మెత్తగా లోపలికి పోతుంది, అవతలిది మాత్రం కదలదు. నీళ్లు నలగవు, గాలి నలుగుతుంది. మీ బలమంతా గాలిని నలపటానికే సరిపోయింది. నూనె కారిపోయిన కారులో జరిగేది అచ్చంగా ఇదే. ఇంజను బలమంతా నురగపాలవుతుంది, ప్లేట్లు పట్టుకోవు, చక్రాలు తిరగవు.

రోగం పేరు తెలిసింది. కాని ఒక కారు ఆగిపోయినప్పుడు దానికి వచ్చింది ఈ రోగమేనని ఎట్లా తేల్చటం? ఒక కథగా అనుకొందాం.

సూళ్లూరుపేటలో ఒక కుటుంబం. తండ్రి రోజూ పులికాట్ సరస్సు మీది రోడ్డున శ్రీహరికోటకు ఉద్యోగానికి కారులో పోయి వస్తాడు. సంక్రాంతి సెలవుల్లో ఒక ఉదయం, సరస్సులో దిగిన రాజహంసలను చూపిస్తానని ఏడవ తరగతి చదివే కూతురును వెంటబెట్టుకొని బయలుదేరాడు. అటకానితిప్ప దగ్గరికి రాగానే ఇంజను శబ్దం పెరిగింది, కారు వేగం తగ్గింది. కొంచెం దూరం ఈడ్చుకుంటూ పోయి ఆగింది. తండ్రి మరొకసారి యాక్సిలరేటరు తొక్కాడు. ఇంజను అరిచింది, కారు కదలలేదు. ఆయన వెంటనే కాలు తీసి ఇంజను ఆపాడు, హెచ్చరిక దీపాలు వెలిగించాడు. కూతురును బండ్లు పోయే దారికి దూరంగా నిలబెట్టి, ఊళ్లోని మెకానిక్కుకు ఫోను చేశాడు.

దారిన పోయేవారు ఇద్దరు ముగ్గురు ఆగారు. "గేరు పెట్టె పోయింది, కొత్తది వెయ్యాల్సిందే" అన్నాడు ఒకాయన. "తాడు కట్టి లాక్కుపొండి" అన్నాడు ఇంకొకాయన. ఇంతలో మెకానిక్కు మోటారుసైకిలు మీద వచ్చాడు. ఆయన మూత ఎత్తలేదు, పానా తియ్యలేదు. ముందు ప్రశ్నలు వేశాడు.

"ఏంది సార్, ఒక్కసారిగా ఆగిందా? మెల్లగా ఆగిందా?"

"మెల్లగానే. నాలుగు రోజులుగా పొద్దున్నే గేరు వేస్తే కాస్త ఆలస్యంగా పట్టుకుంటున్నది."

"సరే, బ్రేకు మీద కాలు పెట్టి ఇంజను ఆన్ చెయ్యండి. పార్కింగు నుంచి డ్రైవుకు మార్చండి."

ఆరోగ్యంగా ఉన్న ఆటోమాటిక్ కారయితే డ్రైవుకు మార్చగానే ముందుకు పోవటానికి తొందరపడుతున్నట్టు చిన్నగా ఉలిక్కిపడుతుంది. ఈ కారు ఉలకలేదు, పలకలేదు. వెనక గేరుకు మార్చినా అంతే. హ్యాండ్ బ్రేకు పట్టివేసి ఉంటే కారు కదలాలని గింజుకొనేది. ఇది గింజుకోవటం లేదు కాబట్టి బ్రేకు మాట కొట్టివేశాడు. గేరు మార్చే కడ్డీ తీగ ఊడిందేమో చూశాడు. తీగ సరిగానే ఉన్నది. చక్రాన్ని తిప్పే ఇరుసు విరిగితే లోపల గరగర శబ్దం రావాలి, చాలా కార్లలో నిలబడి ఉండగానే వేగం చూపే ముల్లు పైకి లేవాలి. ఆ రెండూ లేవు.

చూచారా? ఇంకా ఒక్క బోల్టు విప్పలేదు, అప్పుడే మూడు అనుమానాలు తీరిపోయాయి. ఇక ఆయన కారు క్రిందికి వంగి టార్చి వేశాడు. ఒక గొట్టం చివరినుంచి ఎర్రని చుక్కలు పడుతున్నాయి.

అది చూచి ఆ అమ్మాయి, "నాన్నా, మన ఇంటి ముందు గచ్చు మీద కూడా మొన్నటినుంచి ఈ ఎర్రమరక ఉన్నది. ముగ్గులో వేసిన రంగు కారిందేమో అనుకొన్నాను" అన్నది.

మెకానిక్కు నవ్వి, "ఆ మాట మొన్ననే చెప్పి ఉంటే ఇప్పుడు హంసల దగ్గర ఉండేదానివి, పాపా" అన్నాడు.

కారు నుంచి కారే వాటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుర్తు ఉన్నది. ఏ.సి. వేసినప్పుడు పడేది వట్టి నీరు, దానితో భయం లేదు. ఇంజను ఆయిలు వాడేకొద్దీ నల్లబడుతుంది. రేడియేటరు నీరు పచ్చగానో, గులాబిగానో ఉంటుంది కాని జిడ్డుగా ఉండదు. ఆటోమాటిక్ గేరు నూనెలో చాలా రకాలకు తయారుచేసేవారే ఎర్రరంగు కలుపుతారు. కారితే ఫలానాదని వెంటనే తెలియటానికి అదొక సదుపాయం. ఈ నూనెలో ఒకప్పుడు తిమింగిలాల నూనె కూడా కలిపేవారు. 1970 దశకం మొదట్లో అమెరికాలో తిమింగిలాలను కాపాడే చట్టాలు వచ్చిన తరువాత అది ఆగిపోయింది, రసాయనాలతో వేరే నూనెలు తయారుచేసుకొన్నారు.

మెకానిక్కు నూనె మట్టం చూచే పుల్లను పైకి తీశాడు. దాని కొనకు ఒక్క బొట్టు అంటుకొని ఉన్నది. ఆ బొట్టు రంగు చూశాడు, వాసన చూశాడు. రంగు ఎర్రగానే ఉన్నది, మాడు వాసన లేదు. ఆయన ముఖం వికసించింది. ఎందుకో తెలుసా? నూనె గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వేస్తే క్లచ్ ప్లేట్లు కాలిపోయాయని అర్థం. పాలు కలిపినట్టు గులాబిగా ఉంటే రేడియేటరు నీరు దానిలో కలిసిందని అర్థం. లోహపు రజను కనిపిస్తే పళ్లచక్రాలు అరిగాయని అర్థం. ఇక్కడ అవేవీ లేవు. కారు ఆగగానే తండ్రి పదే పదే యాక్సిలరేటరు తొక్కకుండా ఇంజను ఆపటం వల్ల ప్లేట్లు బ్రతికిపోయాయి.

నూనెను చల్లార్చటానికి తీసుకుపోయే రబ్బరు గొట్టానికి బిగించిన క్లిప్పు తుప్పుపట్టి విరిగింది. రోజూ పులికాట్ ఉప్పుగాలిలో తిరిగే బండికి ఇది వింత కాదు. మెకానిక్కు కొత్త క్లిప్పు బిగించాడు. కారు పుస్తకంలో ఏ నూనె పొయ్యమని ఉన్నదో చూచి, ఆ నూనెనే తెప్పించి కొంచెం కొంచెంగా పోశాడు. ఇంజను మెల్లగా ఆడుతుండగా గేరును ఒక్కొక్క స్థానంలో కాసేపు ఉంచి, మళ్లీ మట్టం చూశాడు. ఈసారి డ్రైవులోకి మార్చగానే కారు ఉలిక్కిపడింది!

అయినా ఆయన, "ఇప్పటికి ఇంటికి పోండి. రేపు షెడ్డుకు తెస్తే ఇంకెక్కడైనా కారుతున్నదేమో చూస్తాను" అన్నాడు. ఒకవేళ నూనె నింపిన తరువాత కూడా కారు కదలకపోతే అప్పుడు గేజి పెట్టి పంపు ఒత్తిడి కొలవాలి. ఒత్తిడి లేకపోతే పంపునో, వడపోత జల్లెడనో చూడాలి. ఒత్తిడి ఉండీ కదలకపోతే ప్లేట్లను చూడాలి. గేరు పెట్టెను విప్పటం అన్నిటికంటే ఆఖరి పని. దారిన పోయేవారు దానిని మొదటి పనిగా చెప్పారు!

"ఇదంతా కారు సంగతి. ఇందులో రాకెట్టు ఎక్కడున్నది?" అంటారేమో. ఆ అమ్మాయి నిలబడిన రోడ్డు పోయేది సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రానికే. అక్కడ 2021 ఆగస్టు 12న ఉదయం 5 గంటల 43 నిమిషాలకు జి.ఎస్.ఎల్.వి.-ఎఫ్10 అనే రాకెట్టు ఇ.ఓ.ఎస్.-03 అనే ఉపగ్రహాన్ని మోసుకొని లేచింది. మొదటి అంచె బాగా పనిచేసింది. రెండవ అంచె బాగా పనిచేసింది. మూడవదైన క్రయోజెనిక్ అంచె మాత్రం మండలేదు. బయలుదేరిన 307 సెకన్లకు ప్రయోగం ఆగిపోయింది. ఉపగ్రహం కక్ష్యకు చేరలేదు.

ఈ మూడవ అంచెకు ఇంధనం ద్రవ హైడ్రొజను. అది సుమారు మైనస్ 253 డిగ్రీల సెల్సియస్ చలిలో ఉంటుంది. దాని తొట్టిలో తగినంత ఒత్తిడి ఉంటేనే పంపులు దానిని సరిగా తోడి ఇంజనుకు అందించగలవు. శాస్త్రజ్ఞులు కూడా మన మెకానిక్కులాగా వెనకనుంచి ముందుకు ప్రశ్నలు వేసుకుంటూ వచ్చారు. ఇంజను ఎందుకు మండలేదు? ఇంధనం చాలినంత రాలేదు. ఎందుకు రాలేదు? తొట్టిలోని పంపు సరిగా తోడలేదు. ఎందుకు తోడలేదు? తొట్టిలో ఒత్తిడి తగ్గింది. ఎందుకు తగ్గింది? ఒత్తిడి మితిమీరితే బయటికి వదిలే వాల్వు ఒకటి కారింది! ఆ సంగతిని కంప్యూటరు లెక్కలతోనూ, నేల మీద అటువంటి పరిస్థితులే కల్పించి చేసిన పరీక్షలతోనూ నిర్ధారణ చేసుకొన్న మీదటనే 2022లో ప్రకటించారు. వాల్వును పటిష్ఠం చెయ్యటం, తొట్టిలో ఒత్తిడి నిలబెట్టటానికి వేరే ఏర్పాటు పెట్టటం వంటి మార్పులు సూచించారు. 2023 మే 29న జి.ఎస్.ఎల్.వి.-ఎఫ్12 విజయవంతంగా ఎన్.వి.ఎస్.-01 ఉపగ్రహాన్ని పైకి చేర్చింది.

కారిన సంగతిని ముందే కనిపెట్టిన రోజు కూడా ఆ చోటనే ఉన్నది. 2013 ఆగస్టు 19న జి.ఎస్.ఎల్.వి.-డి5 బయలుదేరటానికి ఇంకా 1 గంట 14 నిమిషాలు ఉన్నదనగా, రెండవ అంచెలో ఇంధనం కారుతున్నట్టు గమనించి లెక్కింపు ఆపివేశారు. చూడవచ్చిన వాళ్లంతా నిరాశతో ఇంటిదారి పట్టారు. కాని రాకెట్టు దక్కింది. ఆ అంచెను మార్చి, 2014 జనవరి 5న అదే రాకెట్టును పంపితే, మన దేశంలో తయారైన క్రయోజెనిక్ ఇంజను మొదటిసారి విజయం సాధించింది. కారటం కంటబడిన రోజున ఆగారు కాబట్టే ఆ విజయం దొరికింది.

పెద్దవారికి రెండు మాటలు. ఆటోమాటిక్ కారు ఈ విధంగా ఆగిపోతే, చక్రాలు నేలమీద దొర్లేటట్టు తాడు కట్టి లాగించకండి. ఇంజను ఆడకపోతే పంపు ఆడదు, నూనె అందక లోపలి భాగాలు అరిగిపోతాయి. బండిని ఎత్తి పెట్టుకొనే లారీనే పిలవండి. కొన్ని కార్లలో మట్టం చూచే పుల్ల ఉండదు, ఉన్నవాటిలో కూడా చూచే పద్ధతి ఒకటి కాదు. ఇంజను ఆడుతుండగా చూడాలా, ఆపి చూడాలా అనేది కారు పుస్తకం చెపుతుంది. సి.వి.టి. అనే రకానికి నూనె వేరు, ఒకదాని నూనె ఇంకొకదానిలో పోస్తే పెట్టెకే ముప్పు. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఎ.ఎం.టి. రకం కార్లకు క్లచ్ పెడలు లేకపోయినా లోపలిది మామూలు గేరు పెట్టే. వాటిలో గేరు నూనె తగ్గితే బండి వెంటనే ఆగదు గాని, పళ్లచక్రాలు మూలుగుతూ అరుగుతాయి. అన్నిటికంటే ముఖ్యం, పిల్లలు వచ్చి "అక్కడ మరక ఉన్నది" అని చెపితే "నీకెందుకు, పో" అనకండి.

పిల్లలూ, ఇక మీ పని. మీ ఇంట్లో కారుగాని, మోటారుసైకిలుగాని, స్కూటరుగాని ఉంటే, రాత్రి అది నిలిపినప్పుడు పెద్దవారిని అడిగి దాని క్రింద ఒక తెల్లని అట్ట పరచండి. పొద్దున్నే తీసి చూడండి. మరక ఉంటే ముట్టుకోకుండా దాని రంగు, అది బండిలో ఏ భాగం క్రింద పడిందీ, ఎంత ఉన్నదీ తేదీ వేసి నోటు పుస్తకంలో వ్రాసుకోండి. వారం రోజులు ఇట్లా చూడండి. మరక లేకపోతే "లేదు" అని వ్రాయండి, అది కూడా ఫలితమే. ఉంటే ఆ పుస్తకం తీసుకుపోయి, బండి బయలుదేరకముందే నాన్నగారికో, అమ్మగారికో చూపించండి.